ఆన్‌లైన్ కోర్సులో లైబ్రరీ లింకులు ఎందుకు తెరుచుకోవు, ముందే ఏం సరిచూసుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 12 వారాల ఆన్‌లైన్ కోర్సు, 60 మంది విద్యార్థులు, అందరూ క్యాంపస్ బయటే. యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టే డేటాబేసుల నుంచి వ్యాసాలు, కొన్ని ఈబుక్ అధ్యాయాలు చదివించాలి, రెండు మూడు వీడియోలు చూపించాలి. పోయినసారి ఇచ్చిన లింకులు చాలామందికి తెరుచుకోలేదు. అందుకని ఈసారి పీడీఎఫ్‌లు దింపి నేరుగా ఎల్‌ఎంఎస్‌లో (కోర్సు నడిపే కాన్వాస్, మూడుల్ లాంటి ఆన్‌లైన్ వేదికలో) ఎక్కించేస్తే సరిపోదా అని.

ఎక్కించకండి. లింకులే ఇవ్వండి. లింకు పనిచేయకపోవడానికి ఉండే కారణాలు నాలుగైదే, దాదాపు అన్నీ ముందుగా పట్టుకోగలిగినవే. పీడీఎఫ్ ఎక్కిస్తే వచ్చే చిక్కులు అలా కాదు. ప్రచురణకర్తతో లైబ్రరీ చేసుకున్న ఒప్పందంలో లింకు ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఫైలును ఇంకోచోట పెట్టడానికి అనుమతి ఉందా లేదా అన్నది మాత్రం ఒక్కో ఒప్పందంలో ఒక్కోలా ఉంటుంది, అది లైబ్రేరియన్‌ని అడిగితే తప్ప తెలియదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. చందా కొనసాగించాలా వద్దా అని తేల్చేటప్పుడు లైబ్రరీ చూసే వాటిలో ముఖ్యమైనది వాడకం లెక్క. మీరు ఒకసారి దింపిన పీడీఎఫ్‌ని 60 మంది చదివినా ఆ లెక్కలో అది 1 గానే పడుతుంది. మీ కోర్సుకి ప్రాణం లాంటి పత్రిక ఎవరూ చదవనిదిగా కనబడి రద్దు జాబితాలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. పైగా వ్యాసానికి తర్వాత సవరణ వచ్చినా, దాన్ని ఉపసంహరించినా అసలు పేజీలో ఆ గుర్తు కనబడుతుంది. మీరు దాచిన ఫైలుకి ఆ కబురు చేరదు.

ఇప్పుడు లింకుల సంగతి. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి.

మీరు ఆఫీసులో కూర్చుని వ్యాసం తెరిచినప్పుడు పాస్‌వర్డ్ అడగకపోవడానికి కారణం, మీ కంప్యూటర్ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో దాని గుర్తింపు సంఖ్య) క్యాంపస్‌ది కావడమే. ప్రచురణకర్త సర్వర్ ఆ అడ్రసు చూసి తలుపు తీస్తుంది. అదే లింకు ఇంట్లో ఉన్న విద్యార్థి నొక్కితే డబ్బు కట్టమనే పేజీ వస్తుంది. దీనికోసమే లైబ్రరీలు ప్రాక్సీ పెడతాయి. ఈజీప్రాక్సీ వీటిలో బాగా వాడుకలో ఉన్నది. విద్యార్థి ముందు లైబ్రరీ సర్వర్‌లో లాగిన్ అవుతాడు, ఆ సర్వర్ తన ఐపీతో వ్యాసాన్ని తెప్పించి ఇస్తుంది. కాబట్టి మీరిచ్చే లింకు రెండు ముక్కలుగా ఉండాలి. ముందు లైబ్రరీ ప్రాక్సీ అడ్రసు, అది సాధారణంగా 'లాగిన్, ప్రశ్నార్థకం, యూఆర్‌ఎల్, ఈక్వల్స్ గుర్తు' అని ముగుస్తుంది. దాని వెనకే, మధ్యలో ఖాళీ లేకుండా, వ్యాసం శాశ్వత అడ్రసు. మొదటి ముక్క అన్ని వ్యాసాలకీ ఒకటే. లైబ్రేరియన్‌ని ఒక్కసారి అడిగి తీసుకుని దాచుకోండి.

రెండో ముక్క దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. బ్రౌజర్ పైన కనబడే అడ్రసుని కాపీ చేయకూడదు. వెతికి తెరిచిన పేజీ అడ్రసులో చాలా డేటాబేసులు ఆ పూట మీ సెషన్ వివరాలు కలిపేస్తాయి. మీకు గంటసేపు బాగానే తెరుచుకుంటుంది, మర్నాటికి 'సెషన్ గడువు తీరింది' అంటుంది. వ్యాసం పేజీలోనే 'పర్మాలింక్' అనో, జేస్టోర్‌లో అయితే 'స్టేబుల్ యూఆర్‌ఎల్' అనో విడిగా ఉంటుంది, అది తీసుకోండి. అదీ లేకపోతే డీఓఐ, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. డీఓఐతో ఒక చిక్కుంది: అది విద్యార్థిని ప్రచురణకర్త సొంత సైటుకి తీసుకెళ్తుంది. మీ లైబ్రరీకి ఆ పత్రిక ఎబ్‌స్కో, ప్రోక్వెస్ట్ లాంటి సంకలన డేటాబేసు (పలు ప్రచురణకర్తల పత్రికలని ఒకచోట చేర్చి ఇచ్చేది) ద్వారా మాత్రమే వస్తుంటే, లాగిన్ సరిగ్గా జరిగినా అక్కడ పూర్తి పాఠం దొరకదు. అప్పుడు ఆ డేటాబేసు పర్మాలింకే ఇవ్వాలి. సంకలన డేటాబేసుల్లో కొన్ని పత్రికల తాజా సంచికలకి 12 నెలల నిషేధ గడువు లాంటివి ఉంటాయి, అది తీరేదాకా పూర్తి పాఠం ఇవ్వరు. ఈ ఏడాది వ్యాసం జాబితాలో పెట్టేటప్పుడు పేరూ సారాంశమూ కనబడ్డాయని ఆగిపోకుండా పూర్తి పాఠం తెరిచి చూడండి.

కొన్ని డేటాబేసుల పర్మాలింకులో ప్రాక్సీ ముక్క ముందే కలిసి ఉంటుంది. దానికి మళ్ళీ మీరు ప్రాక్సీ తగిలిస్తే లింకు విరిగిపోతుంది. ప్రాక్సీ పేరు మొత్తం అడ్రసులో ఒక్కసారే రావాలి, కళ్ళతో చూస్తేనే తెలిసిపోతుంది. మీ యూనివర్సిటీ ఓపెన్‌ఏథెన్స్ లాంటి లాగిన్ పద్ధతి వాడుతుంటే వ్యాసం అడ్రసులోని ప్రత్యేక గుర్తులని ఎన్‌కోడ్ చేయాలి, అంటే వాటి బదులు సంకేతాలు పెట్టాలి. చేత్తో చేయబోకండి. ఇలాంటి చోట లైబ్రరీ సైట్లలో లింకు తయారు చేసే పెట్టె తరచూ ఉంటుంది, అందులో అతికించి వచ్చినది తీసుకోండి.

పరీక్షించే పద్ధతి మీద నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే క్యాంపస్ వైఫై మీద చేసిన పరీక్ష ఏమీ తేల్చదు. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా పెట్టండి. ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. వీలైతే విద్యార్థి ఖాతాతో లాగిన్ అవ్వండి, అధ్యాపకులకీ విద్యార్థులకీ హక్కులు వేరుగా ఉండే చోట్లున్నాయి. లింకు నొక్కాక మూడు జరగాలి: లాగిన్ పేజీ రావాలి, తర్వాత డేటాబేసు ముఖపేజీకి కాకుండా సరిగ్గా ఆ వ్యాసానికే చేరాలి, చివరికి పీడీఎఫ్ తెరుచుకోవాలి. ఒక్కో లింకుకి 3 నిమిషాలు వేసుకున్నా 40 లింకులకి 2 గంటలు. ఆ రెండు గంటలు పెట్టకపోతే దానికి పదింతలు మెయిళ్ళకి జవాబులివ్వడంలో పోతుంది. ఒక్కో లింకు విడిగా తెరిచేటప్పుడు పాత విండో మూసేసి కొత్త ఇన్‌కాగ్నిటో తెరవండి. లేకపోతే మొదటి లింకుతో అయిన లాగిన్ మిగతా లింకుల లోపాన్ని కప్పేస్తుంది.

ఎల్‌ఎంఎస్ లోపల పెట్టేటప్పుడు లింకు కొత్త ట్యాబులో తెరుచుకునేలా పెట్టండి. కాన్వాస్ మాడ్యూల్స్‌లో బయటి లింకు చేర్చేటప్పుడు దానికి టిక్ పెట్టే గడి ఉంటుంది. మూడుల్‌లో యూఆర్‌ఎల్ రిసోర్సు సెట్టింగుల్లో 'డిస్‌ప్లే' దగ్గర 'ఎంబెడ్' ఎంచుకోకండి. చాలా లాగిన్ పేజీలు భద్రత కోసం వేరే పేజీ చట్రం లోపల తెరుచుకోవడానికి ఒప్పుకోవు. పైగా ఆ చట్రం లోపలి సైటు కుకీలని బ్రౌజర్లు ఆపేస్తుంటాయి. విద్యార్థికి తెల్లటి ఖాళీ పెట్టె కనబడుతుంది, ఏ ఎర్రరూ రాదు, మీకూ ఏం జరిగిందో తెలియదు. మొబైల్ యాప్‌లో తెరవకపోతే బ్రౌజర్‌లో తెరిచి చూడమని మొదటి వారంలోనే చెప్పేయండి.

ప్రతి లింకు పక్కన పూర్తి వివరం రాయండి: రచయిత, వ్యాసం పేరు, పత్రిక, సంవత్సరం, సంపుటి, పేజీలు. '3వ వారం చదవాల్సింది' అని మాత్రమే రాసిన లింకు చచ్చిపోతే విద్యార్థి చేతిలో ఏమీ మిగలదు. వివరం ఉంటే లైబ్రరీ సైటులో తనే వెతుక్కుంటాడు.

ఈబుక్‌ల దగ్గర చిక్కు వేరు. లైబ్రరీలో ఉంది అంటే అందరికీ ఒకేసారి ఉన్నట్టు కాదు. లైసెన్సులు ఒకేసారి ఒక్కరికి, ముగ్గురికి, పరిమితి లేకుండా, ఇలా రకరకాలు. ముగ్గురి లైసెన్సు ఉన్న పుస్తకంలో అధ్యాయానికి గంటన్నర పడుతుందనుకోండి. గడువు రాత్రి 12కి అయితే ఎక్కువమంది సాయంత్రం 6కి మొదలుపెడతారు. 6 గంటల్లో 4 విడతలు, విడతకి ముగ్గురు, మొత్తం 12 మంది. మిగతా 48 మందికి 'వాడుకలో ఉంది' అని వస్తుంది. చదివేసి ట్యాబు మూసేసినా ఆ సీటు వెంటనే ఖాళీ కాకపోవచ్చు. మొత్తం పుస్తకాన్ని అరువుగా దింపుకుంటే కొన్ని ప్లాట్‌ఫారాల్లో ఆ సీటు అరువు గడువంతా బిగిసిపోతుంది. అందుకని పుస్తకం జాబితాలో చేర్చే ముందే లైసెన్సు రకం కనుక్కోండి. పరిమితి ఉంటే లైసెన్సు పెంచగలరేమో అడగండి. కుదరకపోతే అధ్యాయం మాత్రమే పీడీఎఫ్‌గా దింపుకోమని విద్యార్థులకి చెప్పండి, దానికి ఎన్ని పేజీల పరిమితి ఉందో ముందే చూసి. అదీ చాలకపోతే తరగతిని గుంపులుగా చేసి గడువులు వేర్వేరు రోజులకి మార్చండి.

కొన్ని పుస్తకాలు అచ్చులోనే ఉంటాయి. ఒక అధ్యాయం స్కాన్ చేసిపెట్టే సేవ మీ లైబ్రరీలో ఉంటే కాపీరైటు పరిమితి వాళ్ళే చూసుకుంటారు, మీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టకండి. స్కాన్ 300 డీపీఐలో ఉండాలి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్ చదవగలిగే పాఠంగా మార్చడం) చేసి ఉండాలి. ఓసీఆర్ లేని పీడీఎఫ్ ఉత్త బొమ్మ. కంటిచూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. మౌస్‌తో ఒక వాక్యం ఎంచుకోవడానికి ప్రయత్నించండి. పదాలు ఎంచుకోబడకపోతే ఓసీఆర్ కాలేదన్నమాట.

వీడియోలకి లైసెన్సు తరచూ ఏడాదికో మూడేళ్ళకో ఉంటుంది. అది మీ కోర్సు మధ్యలో ముగుస్తుందేమో అడగండి, సబ్‌టైటిళ్ళు ఉన్నాయో లేదో చూడండి.

ఎవరికి లైబ్రరీ ప్రవేశం ఉందన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. ఒప్పందాల్లో 'అధీకృత వాడుకదారులు' అంటే సాధారణంగా ప్రస్తుతం నమోదైన విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది. అందరికీ తెరిచిన కోర్సులో చేరినవాళ్ళు సాధారణంగా అందులోకి రారు. మీ 60 మందిలో అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళకి చందా వనరులు కుదరవు. డీఓఏజే జాబితాలోని ఓపెన్ యాక్సెస్ (ఉచితంగా చదవగలిగే) పత్రికలు, డీఓఏబీలోని పుస్తకాలు, జీవవైద్య విషయాలకి పబ్‌మెడ్ సెంట్రల్ నుంచి ఎంచుకోండి. ఇవి ఎవరికైనా తెరుచుకుంటాయి, ప్రాక్సీ అక్కర్లేదు. ఇలాంటి వాటికి తరచూ ఉండే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో (రచనని ఎలా పంచుకోవచ్చో చెప్పే అనుమతి) 'ఎన్‌డీ' అని ఉంటే దాన్ని మార్చి, కత్తిరించి, అనువదించి పంచకూడదు, ఉన్నదున్నట్టు పంచవచ్చు.

నమోదైనవాళ్ళలో కూడా కొందరి లైబ్రరీ ఖాతా మొదటి రోజుకి సిద్ధంగా ఉండదు, ఆలస్యంగా చేరినవాళ్ళది మరీను. దీనికి నాకు నచ్చిన ఉపాయం ఒకటుంది: మొదటి వారంలో 1 మార్కు పని. ఒక వ్యాసం లింకు ఇచ్చి, అందులో 4వ పేజీలోని పట్టికకి ఏం శీర్షిక పెట్టారో రాయమనండి. రాయలేనివాళ్ళ జాబితా అదే రోజు మీకు వస్తుంది. అసలు అసైన్‌మెంటు వచ్చేనాటికి అందరి ఖాతాలూ సరి అవుతాయి.

అన్ని వ్యాసాలనీ ఒకేసారి దింపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వాడొద్దని అదే వారం చెప్పండి. ప్రచురణకర్త సర్వర్ వరుసగా వందలకొద్దీ డౌన్‌లోడ్లు చూస్తే ఆ ఐపీని ఆపేస్తుంది. ఆ ఐపీ మీ విద్యార్థిది కాదు, లైబ్రరీ ప్రాక్సీది. ఒకరు చేసిన పనికి ప్రాక్సీ మీదుగా వచ్చే అందరికీ ఆ డేటాబేసు మూతపడుతుంది.

లైబ్రేరియన్‌కి కోర్సు మొదలవడానికి 6 నుంచి 8 వారాల ముందు రాయండి. కొత్త పుస్తకం కొనడానికి, లైసెన్సు పెంచడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఉత్తరంలో కోర్సు కోడు, విద్యార్థుల సంఖ్య, మొదలు, ముగింపు తేదీలు, ప్రతి పుస్తకానికీ ఐఎస్‌బీఎన్, వ్యాసానికి డీఓఐ, ఏది తప్పనిసరో ఏది అదనమో రాయండి. 'కొన్ని వ్యాసాలు కావాలి' అని రాస్తే వాళ్ళు ఏమీ చేయలేరు. లెగాంటో, టాలిస్ లాంటి రీడింగ్ లిస్ట్ సాఫ్ట్‌వేర్ మీ దగ్గర ఉంటే జాబితా అందులోనే కట్టండి, లింకుల సంరక్షణలో లైబ్రరీ చేయి కూడా పడుతుంది. లైబ్రేరియన్‌ని ఎల్‌ఎంఎస్‌లో మీ కోర్సులోకి చేర్చుకోగలిగితే ఇంకా మేలు. 'నాకు వ్యాసం దొరకలేదు' అన్న చర్చకి జవాబు మీకంటే వాళ్ళు వేగంగా ఇస్తారు. వెతకడం నేర్పే తరగతి వాళ్ళ చేత చెప్పించదలిస్తే 30 నిమిషాలు చాలు. మొదటి వారంలో పెడితే అసైన్‌మెంటు నాటికి మరిచిపోతారు. విషయం ఎంచుకున్న వారంలో, వాళ్ళు ఎంచుకున్న విషయాలనే ఉదాహరణగా తీసుకుని చెప్పమనండి.

4వ వారం దాటాక లైబ్రేరియన్‌ని ఒక్క లెక్క అడగండి: మీ జాబితాలోని పుస్తకాలకి ఎన్నిసార్లు ప్రవేశం నిరాకరించబడిందో. కౌంటర్ ప్రమాణం (ఆన్‌లైన్ వనరుల వాడకాన్ని ఒకే తీరుగా లెక్కించే నియమాలు) పాటించే ప్లాట్‌ఫారాల నివేదికల్లో ఇది రెండు రకాలుగా విడిగా వస్తుంది. మొదటిది సీట్లు నిండిపోయి తిప్పిపంపినవి, రెండోది లైసెన్సే లేక తిప్పిపంపినవి. మొదటి అంకె పెద్దదైతే మిగిలిన వారాలకి సీట్లు పెంచమని అడగడానికి అదే మీ ఆధారం. రెండోది పెద్దదైతే లైబ్రరీలో లేని ఏ పుస్తకాల కోసం పాఠకులు తలుపు తడుతున్నారో చూసి, వచ్చే విడత కోర్సు జాబితా దాన్నిబట్టి మార్చుకోండి.