ఆపరేషన్ మానుకున్నాం, అడ్వాన్సు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. నా భార్యకు 38 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, షుగరు అదుపులో లేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్‌కు లక్షన్నర అడ్వాన్సు కట్టాం. ఇన్సూరెన్సు కంపెనీ నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ రాగానే తిరిగిస్తామన్నారు. పరీక్షలయ్యాయి, రెండు వారాలు ద్రవాహారం కూడా తీసుకుంది. చివరికి మా అత్తమ్మ భయపడడంతో మానుకున్నాం. డబ్బు అడిగితే ‘మీరే రాలేదు’ అంటున్నారు. 20 నెలలైంది. ఆ రోజుల్లో జ్వరమొచ్చినట్టు డాక్టరు సర్టిఫికెట్ పెట్టమని తెలిసినాయన సలహా ఇచ్చాడు. పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. పెళ్లిళ్లలో ఆమెను నలుగురూ అన్న మాటలు, మీ అత్తమ్మ కన్నీళ్లు, అన్నీ చదివాను. కేసును తేల్చేవి అవి కావు. మూడో పేజీ అడుగున మీరు ఒక్క వాక్యం రాశారు: ‘ఇన్సూరెన్సు డెస్కు వాళ్లు ఫోన్ చేసి, అప్రూవల్ రాలేదు, మిగతా మూడు లక్షలు కట్టమన్నారు.’ మీ కేసంతా ఆ వాక్యంలోనే ఉంది.

ఆ ఫోన్ ముందా, మీరు రామని చెప్పింది ముందా? ఫోన్ ముందైతే, క్యాష్‌లెస్ వస్తుందని నమ్మించి డబ్బు తీసుకున్న ఆసుపత్రి జవాబు చెప్పాలి. మీరే ముందు మానుకుని ఉంటే, చేసిన పరీక్షల ఖర్చు పోను మిగిలింది మాత్రమే అడగగలరు. ఫోన్ తేదీ మీరు రాయనే లేదు.

సర్టిఫికెట్ జోలికి వెళ్లొద్దు. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా వద్దనే హక్కు రోగిది. ముందు సంతకం పెట్టినా అది బాండు కాదు. రోగి అనుమతి లేకుండా కత్తి పెట్టకూడదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టం కారణమే అడగని చోట దొంగ కారణం దేనికి? అదే వారంలో ఆమెకు చేసిన పరీక్షల రిపోర్టులు ఆసుపత్రి ఫైల్లోనే ఉన్నాయి. వాటిని ముందు పెట్టి మీ జ్వరం అబద్ధమని తేలుస్తారు. మీ నిజమైన కేసూ పోతుంది, అబద్ధపు సాక్ష్యం నేరమూ మీద పడుతుంది.

గడువు విషయానికొస్తే, వినియోగదారుల చట్టంలో అది రెండేళ్లు. ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. 20 నెలలు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు! ఫోన్లతో గానీ, లాయరు నోటీసుతో గానీ గడువు పెరగదు. మీరు ఫొటో పంపిన రసీదులో సగం అక్షరాలు వెలిసిపోయాయి. బీరువాలో చీరల మధ్య పెట్టారట. ఆ మెషిన్ కాగితం నిలవదు, ఈరోజే జిరాక్సు తీయించండి. దాని వెనక ‘రీఫండ్ లేదు’ అని కొట్టిన స్టాంపుకు బెదరకండి. దాని కింద మీ సంతకం లేదు, డబ్బు కట్టించుకునే ముందు మీకు చెప్పనూ లేదు.

ఇన్సూరెన్సు కంపెనీని తిరస్కరణ లేఖ అడగండి. ఆసుపత్రి ఎప్పుడు అప్రూవల్ అడిగింది, ఎందుకు రాలేదు అన్నది దాంట్లో తేలుతుంది. సాధారణంగా పాలసీలు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 40 ఉండాలంటాయి, లేదా 35తో పాటు అదుపులేని షుగరు లాంటి జబ్బు ఉండాలంటాయి. ఆమెది 46 దాటింది కాబట్టి కొలతలో తేడా లేదు. డైట్, మందులు ముందు ప్రయత్నించి ఫలించలేదన్న రుజువూ అడుగుతాయి. ఇలాంటి ఫైళ్లు చాలా ఆగేది అక్కడే. నా దగ్గరికొచ్చే వాళ్లు దాన్ని ‘భయపడి మానుకున్నాం’ అని చెప్పుకుంటారు.

ఆసుపత్రికి స్పీడ్ పోస్టులో కేస్‌షీటు నకలు, విడివిడి బిల్లు అడుగుతూ రాయండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అది కూడా మీకే పనికొస్తుంది. వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. ఫిర్యాదుకు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే, హనుమకొండలోని వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. 5 లక్షల లోపు కట్టిన కేసుకు ఫీజు లేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ నెల దాటించొద్దు.

మీ భార్యకు ఆపరేషన్ ఇంకా అవసరమని డాక్టర్లంటే, ఇప్పటి నుంచి డైటీషియన్ చీటీలు, ప్రతి నెలా బరువు రాసిన కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి. చీరల మధ్య కాదు.