1950–60ల నాటి ఇటాలియన్ గాజు కళాఖండాలను ఇంటి కోసం సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు మూడు సంగతులు తెలుసుకోగోరారు: 1950, 60 దశకాల ఇటాలియన్ గాజులో అసలైనదాన్ని ఎలా గుర్తుపట్టాలి, మొదట్లో ఎంత డబ్బు పెట్టవచ్చు, కొన్న తర్వాత ఎలా కాపాడుకోవాలి. నేను ఉద్యోగరీత్యా 11 ఏళ్లుగా ఇటలీలోని పాదోవాలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి వెనిస్ రైలులో అరగంట ప్రయాణం. అక్కడి నుంచి పడవ ఎక్కితే గాజు పనికి పేరుపడ్డ మురానో దీవి. ఇన్నేళ్లలో నా ఇంటికి చేరిన గాజు వస్తువులు 34. వాటిలో తెలిసి కొన్నవి 20 దాటవు, మిగిలినవాటికి ఇచ్చినదంతా చదువు కోసం కట్టిన రుసుము కింద రాసుకున్నాను.

మొదటి రుసుము సంగతి ముందే చెబుతాను. ఒక ఆదివారం సంతలో తెల్లని చారలతో, చేతిరుమాలును మూలలు పట్టి పైకెత్తితే ఎలా మడతలు పడుతుందో అలాంటి అంచులతో ఉన్న పాత్ర ఒకటి కనిపించింది. అది మురానోలోని గాజు సంస్థ వెనీనీ వారి ‘ఫజ్జొలెత్తో’ అని అమ్మకందారు చెప్పాడు. ఆ మాటకు ఇటాలియన్‌లో రుమాలు అనే అర్థం. 1940ల చివర ఫుల్వియో బియాంకోని, పావొలో వెనీనీ కలిసి ఆ ఆకారాన్ని రూపొందించారని అప్పటికే చదివి ఉన్నాను. పైగా బియాంకోని 1915లో పుట్టింది పాదోవాలోనే. మా ఊరివాడి చేతి పని దొరికిందన్న మురిపెంలో 90 యూరోలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి దీపం కింద గోటితో గీస్తే చారలు గోటికి తగిలాయి. వెనీనీ పాత్రలో ఆ తెల్లని దారాలు గాజు లోపల ఉంటాయి, పైన తడిమితే నున్నగా ఉంటుంది. నేను కొన్నది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన ఉన్న స్మెతిక్‌లో ఛాన్స్ బ్రదర్స్ తయారుచేసిన రుమాలు పాత్ర; చదునైన గాజు పలకపై నమూనా అచ్చువేసి, వేడి చేసి వంచినది. ఆ కంపెనీని తప్పుపట్టడానికి ఏమీ లేదు, 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు గాజు పలకలు అందించిన పాత సంస్థ అది. వస్తువును తిరగేసి చూడకుండా డబ్బు తీసిన తప్పు నాది.

తిరగేసి చూడమనడానికి కారణం ఉంది. గొట్టంతో ఊదిన పాత్రకు మూతి తీర్చిదిద్దాలంటే దాన్ని గొట్టం నుంచి విడదీసి, అడుగున ఒక ఇనుప కడ్డీకి అతికించి పట్టుకోవాలి. పని పూర్తయ్యాక ఆ కడ్డీని విరిచేస్తారు, విరిచిన చోట గరుకైన మచ్చ మిగులుతుంది. మురానోలోని మంచి కార్ఖానాలు ఆ మచ్చను సానపట్టి మెరుగుపెట్టేవి కనుక అడుగున నున్నని చిన్న గుంటగానీ, అడుగంతా చదునుగా అరగదీసిన జాడగానీ కనిపిస్తుంది. నా రుమాలు పాత్రకు అలాంటి జాడే లేదు. దీనితోపాటు అరుగుదల చూడాలి. 60 ఏళ్లు అల్మరాల మీద అటూ ఇటూ జరిగిన వస్తువుకు బల్లను తాకే వలయం మీద మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలు ఉంటాయి. గీతలన్నీ ఒకే దిక్కుకు, ఒకే లోతుతో ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారని అనుమానించాలి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి జేబులో ఉంచుకోండి.

ఇక పేరు, చీటీ. కొత్తవాళ్లు ముందుగా నమ్మేవి ఇవే, సులభంగా మోసం జరిగేదీ ఇక్కడే. 1950లలో చాలా మురానో సంస్థలు సంతకం చేసేవి కావు, కాగితపు చీటీ అతికించి పంపేవి. చీటీ ఊడిపోతుంది, ఊడినదాన్ని ఇంకో వస్తువుకు అంటించడమూ కష్టం కాదు. వెనీనీ వారు ఆమ్లంతో చిన్న అక్షరాల ముద్ర వేసేవారు. దానికీ నకిలీలు ఉన్నాయి. ‘వెత్రో ఆర్తిస్తికో మురానో’ (మురానో కళా గాజు) అనే గుర్తు చూసి సంబరపడే వాళ్లను చాలామందిని చూశాను. ఆ గుర్తును వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతీయ ప్రభుత్వం 1994లో చేసిన చట్టంతో తెచ్చింది కనుక, అది అతికించి ఉన్న కొత్త వస్తువు మురానోదే కావచ్చుగానీ 1955 నాటిది మాత్రం కాజాలదు.

అందువల్ల మొదటి కొనుగోలుకు నేను సూచించేది పెద్ద పేరు లేని ‘సొమ్మెర్సో’ వస్తువు. సొమ్మెర్సో అంటే మునిగినది. ఒక రంగు గాజు ముద్దను ఇంకో రంగు కరిగిన గాజులో ముంచి తీసి, అవసరమైతే మళ్లీ ముంచి, చివర మందమైన, రంగులేని గాజు పొరతో కప్పుతారు. వినడానికి తేలికగా ఉన్నా, చల్లారేటప్పుడు ఆ రంగులన్నీ ఒకే మోతాదులో కుంచించుకోకపోతే వస్తువు తనంతట తానే పగిలిపోతుంది కాబట్టి, ప్రతి రంగు మిశ్రమాన్నీ మిగతావాటికి సరిపోయేలా కలపవలసి ఉంటుంది; ఆ తర్వాత కొలిమి పక్కనే వేరే పొయ్యిలో గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. ఈ పద్ధతికి 1950లలో గొప్ప రూపం ఇచ్చినవాడు సెగూజో వెత్రి దార్తే సంస్థకు పనిచేసిన ఫ్లావియో పోలి. ఆయన గాజు ఊదే పనివాడు కాడు, పింగాణీ కళ నుంచి వచ్చిన రూపకర్త. ఇటలీలో వస్తు రూపకల్పనకు 1954లో ఇచ్చిన మొట్టమొదటి కొంపాసో దోరో పురస్కారాల్లో ఒకటి ఆయనకు దక్కింది. ఆయన గీసినవాటి ధర మనబోటివారికి అందదు. అయితే అదే దీవిలో, అదే పద్ధతిలో పేరు తెలియని చేతులు చేసిన పాత్రలు, పళ్లాలు, ముఖ్యంగా యాష్‌ట్రేలు ఎన్నో ఉన్నాయి. నా మొదటి మంచి కొనుగోలు 40 యూరోల యాష్‌ట్రే: ఊదారంగు మీద తేనెరంగు, పైన స్వచ్ఛమైన గాజు. అమ్మ ఇక్కడికి వచ్చిన మూడు నెలలూ అందులో వక్కపొడి పోసి పెట్టింది. అంతకంటే గౌరవమైన ఉపయోగం దానికి అంతకుముందు దొరికి ఉండదు. ఇలాంటిది కొనేటప్పుడు రెండు రంగుల సరిహద్దు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉందా అని పక్క నుంచి చూడండి. ఒక రంగు ఇంకోదానిలోకి మసకగా పారినట్టు ఉంటే అది తొందర పని.

చారల గాజు గురించి ఒక మాట. కరిగిన గాజు ముద్ద రెండు కొసలనూ ఇద్దరు పనివారు పట్టుకుని ఎదురెదురు దిక్కులకు నడుస్తూ సాగదీస్తే పొడవైన సన్నని కడ్డీ తయారవుతుంది. అలాంటి కడ్డీలను పక్కపక్కన పేర్చి, కరిగించి, పాత్రగా ఊదేదే ‘ఫిలిగ్రానా’; కడ్డీలోని దారాలు మెలితిరిగి ఉంటే ‘జన్‌ఫిరికో’. పదార్థానికీ చేతికి వేసుకునే నగకూ తెలుగులో ఒకే మాట ఉన్నందుకేమో, ఆ కడ్డీలను మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊళ్లో గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చే ముసలమ్మ గుర్తొచ్చింది.

ఇటలీ గాజు అంతా మురానోది కాదు. పచ్చని లేక తేనెరంగు గాజుతో, పొడవాటి మూతలతో, ఉబ్బెత్తు గళ్లతో ఉండే 1960ల నాటి పెద్ద సీసాలను మురానో పేరుతో అమ్మజూపుతారు. అవి సాధారణంగా టస్కనీలోని ఎంపోలి పట్టణానివి. అవి నాకు ఇష్టమే, నా వంటింటి కిటికీలో రెండున్నాయి. కాకపోతే ఎంపోలి ధరకు ఎంపోలి సీసా కొనాలి.

2023లో అమెరికాలోని వర్జీనియాలో ఒకామె పాత సామాన్ల దుకాణంలో 3.99 డాలర్లకు కొన్న పాత్ర, 1942లో ఇటాలియన్ వాస్తుశిల్పి కార్లో స్కార్పా వెనీనీ కోసం రూపొందించిన ‘పెన్నెల్లాతే’ అని తేలి, వేలంలో 1,07,100 డాలర్లు పలికింది. ఆ వార్త తర్వాత మా సంతల్లో అడుగున ఏ చిన్న గీత ఉన్నా ధర రెట్టింపు చెబుతున్నారు. అలాంటి అదృష్టం కోసం కొనేటట్టయితే లాటరీ టికెట్ చవక.

కన్ను తయారు కావడానికి మురానోలోని జుస్తినియాన్ భవనంలో 1861 నుంచి ఉన్న గాజు మ్యూజియంలో ఒక పూట గడపండి. వెనిస్‌లో శాన్ జోర్జో మజ్జోరె దీవి మీద 2012లో మొదలైన ‘లె స్తాంజె దెల్ వెత్రో’ ప్రదర్శనశాల 20, 21 శతాబ్దాల గాజుకే అంకితం. హైదరాబాదులో ఉన్నవారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా గాజును చూసినా మేలే. కోసి చెక్కిన గట్టి గాజుకూ, వెనిస్‌లో సోడా కలిపి కరిగించే గాజుకూ తేడా అక్కడే తెలిసిపోతుంది: సోడా గాజు ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది కనుక లాగి, చిదిమి, మెలిపెట్టి చేసిన ఆకారాలు వస్తాయి. కొనడానికి నేను వెళ్లేవి నెలలో మూడో ఆదివారం పాదోవాలోని ప్రాతో దెల్లా వాల్లే మైదానంలో జరిగే సంత, చివరి ఆదివారం పక్కనున్న పియాజ్జోలా సుల్ బ్రెంతా ఊరి సంత. టస్కనీలోని అరెజ్జోలో 1968 నుంచి సాగుతున్న సంత ప్రతి నెలా మొదటి ఆదివారం, దాని ముందటి శనివారం జరుగుతుంది. మొదటి ఏడాది ఒక్కో వస్తువుకు 100 యూరోలు దాటవద్దని నా సలహా. అంచు పెచ్చు ఊడినదైతే, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పెచ్చును అరగదీసి దాచేస్తారు కూడా. మూతి చుట్టూ వేలు తిప్పితే అరగదీసిన చోట గుండ్రదనం పోయి పదునుగానో చదునుగానో తగులుతుంది.

ఇండియాకు తీసుకువెళ్లదలిస్తే ఒక నిబంధన తెలిసి ఉండాలి. 70 ఏళ్లు దాటి, చేసినవారు జీవించిలేని కళావస్తువు విలువ 13,500 యూరోలలోపు ఉంటే, 2017 నాటి సవరణ ప్రకారం స్వీయ ప్రకటన దాఖలు చేసి ఇటలీ నుంచి బయటకు పంపవచ్చు. 1950ల తొలినాళ్ల వస్తువులు ఇప్పుడు ఆ వయసుకు చేరుకున్నాయి కాబట్టి దుకాణదారు దగ్గర తేదీతో కూడిన రసీదు తప్పక తీసుకోండి. ప్రయాణంలో నా వస్తువులకు చుట్టేది పాత నూలు చీరలు. ఇంతవరకు ఒక్కటీ పగలలేదు.

ఇంట్లో పెట్టేటప్పుడు మందమైన సొమ్మెర్సోను నేరుగా ఎండ పడే కిటికీలో ఉంచవద్దు. ఒక వేసవి మధ్యాహ్నం నా బల్ల మీది కాగితంపై గోధుమరంగు మచ్చ పడితే, పక్కనున్న గాజు ఎండను భూతద్దంలా ఒకచోటికి చేర్చిందని ఆలస్యంగా అర్థమైంది. కడగడానికి గోరువెచ్చని నీరు, మెత్తని గుడ్డ చాలు. మందమైన గాజుకు ఒక్కసారిగా వేడినీరు తగిలితే పగులు రావచ్చు, కాబట్టి డిష్‌వాషర్ పనికిరాదు. పూలపాత్ర లోపల తెల్లని మసక ఉంటే అది రెండు రకాలు. నీటిలోని సున్నం పేరుకున్నదైతే తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే పోతుంది. ఏళ్ల తరబడి నీరు నిలిచి గాజు ఉపరితలమే తినుకుపోయినదైతే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. ఈ రెండో రకాన్ని దాచడానికి కొందరు అమ్మకందారులు లోపల నూనె రాస్తారు, నూనె తడికి మసక కనిపించదు. కొనే ముందు లోపలికి వేలు పెట్టి చూడండి. జిడ్డుగా తగిలితే పాత్రను బల్ల మీద పెట్టి, నమస్కారం చెప్పి వచ్చేయండి.