జనతా తర్వాత టాంజెంటే

ప్రశ్న: నాన్నగారి హెచ్ఎంటీ జనతాకు ఇప్పటికీ రోజూ పొద్దున్నే కీ ఇస్తాను. అంతే నిరాడంబరంగా ఉండే జర్మన్ వాచీ కోసం నాలుగేళ్లుగా డబ్బు దాస్తున్నాను. నోమోస్ టాంజెంటేనా, యుంగ్‌హాన్స్ మాక్స్ బిల్లా? కంపెనీ సొంత యంత్రానికి అంత విలువ ఉందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రోజూ కీ ఇచ్చే అలవాటున్న మీకు టాంజెంటేనే చెబుతాను. మాక్స్ బిల్ డయల్ చాలా అందమైనది, కాదనను. కానీ లోపల తిరిగేది స్విస్ యంత్రం.

టాంజెంటే పుట్టే గ్లాస్‌హ్యూటే సాక్సనీలోని చిన్న ఊరు. అడాల్ఫ్ లాంగే 1845లో అక్కడ వాచీల పని మొదలుపెట్టాడు. డయల్ మీద ఆ ఊరి పేరు వేసుకోవాలంటే యంత్రం విలువలో కనీసం సగం పని అక్కడే జరగాలి. నోమోస్ 1990లో పుట్టినా, సొంత ఆల్ఫా యంత్రం వచ్చింది 2005లో. అంతకుముందు స్విస్ పెజూ 7001 యంత్రాన్ని సవరించి వాడేవారు. సెకండ్ హ్యాండుది దొరికితే ముందు ఏ ఏడాదిదో అడగండి. వెనక అద్దమున్నదే తీసుకోండి. నీలం స్క్రూలు, చక్రాలను కప్పే ముప్పాతిక పలక కనబడతాయి. నేను ఇప్పటికీ రాత్రిళ్లు తిప్పి చూసుకుంటాను.

ఆ పలకే నన్ను ఏడిపించింది కూడా. బెజవాడలో నా వాచీని ఆయిలింగుకు ఇచ్చాను. చక్రాల ఇరుసులన్నీ ఒకేసారి వాటి రంధ్రాల్లో కూర్చుంటేనే ఆ పలక దిగుతుంది. మెకానిక్ తొందరపడి నొక్కాడు, ఒక ఇరుసు వంగింది. ఆ చక్రం బజారులో దొరకలేదు, కంపెనీ నుంచి రావడానికి ఐదు నెలలు పట్టింది. సొంత యంత్రమంటే ఈ ఎదురుచూపు కూడా అందులో భాగమే. కాబట్టి మీరు దాచిన డబ్బులో కొంత సర్వీసింగుకు విడిగా పెట్టండి, వాచీని కంపెనీ అధీకృత కేంద్రానికే పంపండి.

35 మి.మీ. సైజు మీకు చిన్నదనిపించదు. బెల్టు తగిలించే దాని కొమ్ములు పొడవు, మణికట్టు నిండుగా కనబడుతుంది. తోలు బెల్టు మాత్రం మన రోహిణి కార్తె చెమటకు పాడవుతుంది. వేసవికి 18 మి.మీ. గుడ్డ బెల్టు మార్చండి. కృష్ణలో స్నానానికి దిగేటప్పుడు తీసి ఒడ్డున పెట్టండి.

ఒకసారి నిండా కీ ఇస్తే ఆల్ఫా 43 గంటలు నడుస్తుంది. అయినా జనతాతో పాటే, అదే వేళకు కీ ఇవ్వండి. వేలికి బిగువు తగలగానే ఆపేయండి.