మోకాలి మార్పిడి తరువాత నర్వ్ బ్లాక్: మా అమ్మగారి రెండు ఆపరేషన్ల అనుభవం

మీ నాన్నగారికి మోకాలి మార్పిడి సమయంలో నర్వ్ బ్లాక్ (నొప్పి తెలియకుండా నాడి పక్కన ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఇస్తామన్నారనీ, దానివల్ల కాలు చచ్చుబడిపోతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారనీ రాశారు. మా అమ్మగారికి రెండు మోకాళ్లూ ఎనిమిది నెలల తేడాతో మార్పించాము. రెండుసార్లూ బ్లాక్ ఇచ్చారు గాని, ఇచ్చిన చోటు వేరు.

మొదటిసారి గజ్జ దగ్గర ఫెమొరల్ నాడికి ఇచ్చారు. నొప్పి బాగానే తగ్గింది. అయితే తొడ ముందు కండరాన్ని నడిపించేదీ ఆ నాడే కనుక, మరునాడు ఫిజియోథెరపిస్టు వాకర్ పట్టించి నిలబెట్టగానే మోకాలు ఒక్కసారిగా మడతపడింది. ఇద్దరం పట్టుకోబట్టి పడిపోలేదు. రెండోసారి మరో ఆసుపత్రిలో, తొడ మధ్యభాగాన అడక్టర్ కెనాల్ అనే చోట, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మందు ఎక్కించారు. కండరానికి వెళ్లే కొమ్మలు చాలావరకు అంతకు పైనే విడిపోతాయి కాబట్టి కాలిలో బలం అంతగా తగ్గదు; ఈసారి అమ్మ మరునాడు ఉదయమే గది గుమ్మం దాకా నడిచారు. ఏ బ్లాక్, ఎక్కడ ఇస్తారో మత్తు డాక్టరును ముందే అడగండి. ఈ రెండో రకం మోకాలి వెనుక భాగాన్ని అంతగా అందుకోదు, కాబట్టి అక్కడ లాగుతున్నట్లుంటే కంగారుపడకండి. దానికోసం ఐప్యాక్ అనే మరో ఇంజెక్షన్ ఇస్తారు, లేదా సర్జనే కీలు చుట్టూ మందు ఎక్కిస్తారు.

అసలు కష్టమంతా మత్తు వదిలేటప్పుడే. ఒక్క ఇంజెక్షన్ ప్రభావం సాధారణంగా 12 నుంచి 24 గంటలు ఉంటుంది. ఉదయం ఆపరేషన్ అయితే తరచు అర్ధరాత్రికో తెల్లవారుజాముకో వదులుతుంది. మొదటిసారి అమ్మ నొప్పి లేదు కదా అని రాత్రి మాత్ర పక్కన పెట్టేశారు, మేమూ బలవంతపెట్టలేదు. రెండున్నరకు నొప్పి విరుచుకుపడింది. తరువాత ఎన్ని మందులిచ్చినా తెల్లవారేదాకా అదుపులోకి రాలేదు. రెండోసారి పారాసిటమాల్‌తో సహా రాసిచ్చినవన్నీ, నొప్పి ఉన్నా లేకపోయినా, వేళకు ఇచ్చాము. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయారు. నాడి దగ్గర సన్నని గొట్టం ఉంచి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

నాడి శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, షుగరు వల్ల పాదాలకు ఇప్పటికే తిమ్మిరి ఉన్నా ముందుగా చెప్పండి. మత్తు వదలనంతవరకు కాలికి వేడినీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు. చెప్పిన గడువు దాటినా తిమ్మిరి తగ్గకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి.