చార్మినార్ రూపాయల్లో అరుదైన అచ్చును ఎలా గుర్తుపట్టాలి? ముందు గుమ్మంలోకి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: అమ్మమ్మ పెట్టెలో పద్నాలుగు నిజాం వెండి రూపాయలు దొరికాయి, అన్నిటి మీదా చార్మినార్ బొమ్మే. ఒక వ్యాపారి చూసి "ఇందులో రెండు వేరే అచ్చువి, అరుదైనవి, నాకివ్వండి" అన్నాడు. అతను చెప్పింది నిజమేనా, మనమే ఎలా తెలుసుకోవాలి అని కదా.

నిజమే కావచ్చు. కానీ "అచ్చు వేరు" అన్నంత మాత్రాన "అరుదు" అని కాదండీ. అరుదు అన్న మాట నమ్మి నేను ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను, అది తర్వాత చెబుతాను.

ముందుగా ఒక భూతద్దం తీసుకోండి, పది రెట్లు పెద్దగా చూపించేది చాలు. నాణేన్ని మెత్తటి బట్ట మీద పెట్టి, టేబుల్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా చూసుకోండి. చార్మినార్ మధ్య గుమ్మంలో ఒక అరబిక్ లిపి అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది, 'ఐన్' అయితే ఆయన తర్వాత వచ్చిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలే అవి. మహబూబ్ అలీ ఖాన్ చనిపోయింది 1911 ఆగస్టులో, అంటే ముస్లింల హిజ్రీ లెక్కలో 1329 రంజాన్ నెల. మీ పద్నాలుగూ ముందు ఇలా రెండు కుప్పలవుతాయి.

అసలు కథ ఐన్ కుప్పలోనే ఉంది. కొత్త నిజాం వచ్చిన తొలి రోజుల నాణేల్లో గుమ్మంలో ఐన్ సగమే ఉంటుంది, చిన్న కొడవలి కొనలాంటి తలకట్టు మాత్రమే. తర్వాతి నాణేల్లో అక్షరం పూర్తిగా ఉంటుంది, తల కింద పెద్ద పొట్ట వంపుతో, 3 అంకెను అద్దంలో చూసినట్టు. నాణేల రకాలన్నిటికీ నంబర్లిచ్చే క్రౌజ్ కేటలాగ్‌లో వీటికి వై 53, వై 53ఎ అని వేర్వేరు నంబర్లే ఉన్నాయి. నా దగ్గరున్న 1329 రూపాయిలో సగం ఐన్, 1335లో నిండు ఐన్. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. విడిగా చూస్తే మాత్రం అరిగిపోయిన నిండు ఐన్ కూడా సగం ఐన్‌లాగే కనబడుతుంది. కాబట్టి గుమ్మం కింది భాగం అరిగిందో లేదో ముందు చూసుకోండి. మీ వ్యాపారి చెప్పిన ఆ రెండూ బహుశా ఇవే అయ్యుంటాయని నా అనుమానం.

తర్వాత సంవత్సరం. చార్మినార్ వైపు హిజ్రీ సంవత్సరం, రెండో వైపు ఏలుబడి సంవత్సరం, అంటే నిజాం గద్దెనెక్కాక ఎన్నో ఏడాదో ఆ అంకె, ఉంటాయి. 92 అనే అంకె కూడా కనబడుతుంది, అది సంవత్సరం కాదు, అరబిక్ అక్షరాల లెక్కలో 'ముహమ్మద్' అనే పేరుకు వచ్చే విలువ. ఈ అరబిక్ అంకెలు చదవడం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. 1 నిలువు గీత, 2కి ఒక గంటు, 3కి రెండు గంట్లు, సున్నా అంటే చుక్క, సున్నాలా కనబడేది 5. 7 అంటే రెండు వేళ్లు చాపినట్టు, దాన్ని తిరగేస్తే 8. మోసం చేసేది 6. అది అచ్చం మన 7లా ఉంటుంది!

నేను పడిందీ అక్కడే. ఒక నాణేల ప్రదర్శనలో "1335, ఏలుబడి 7, దొరకదు సార్" అని ఒకాయన చెబితే, నా కళ్లతోనే 7 చూసి, మామూలు ధరకు మూడింతలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చాక తాపీగా చూస్తే అది 6. ఆయన మోసం చేశాడో, ఆయనకీ తెలియదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ దెబ్బతో ఒక చిట్కా నేర్చుకున్నాను. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది రంజాన్‌లో కాబట్టి ఏలుబడి సంవత్సరం ఏటా ఆ నెలలోనే మారుతుంది. అందుకే ఒకే హిజ్రీ సంవత్సరం మీద రెండు ఏలుబడి అంకెలు దొరుకుతాయి: 1330 మీద 1, 2; 1335 మీద 6, 7. ఐన్ నాణేల్లో హిజ్రీలోంచి ఏలుబడి సంవత్సరాన్ని తీసేస్తే 1328 గానీ 1329 గానీ రావాలి. రాకపోతే మీరు తప్పు చదివారు, లేదా అది నకిలీ, లేదా ఒక ఏడాది అచ్చుకు ఇంకో ఏడాది అచ్చు జతపడింది. మూడోదైతే మీ పంట పండినట్టే, కానీ మొదటిదే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఇక ఒకే ఏడాది నాణేల్లోనే చిన్న చిన్న తేడాలు. మీనారు నుంచి అంచు దాకా సన్నటి గీత కనబడితే అది ఉబ్బుగా ఉందా, లోపలికి దిగిందా చూడండి. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి వెండి దూరి గీత ఉబ్బుతుంది. లోపలికి దిగితే అది ఎవరో గీసిన గీతే. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేసిన గుర్తు కూడా అంచు దగ్గర గడ్డలా ఉంటుంది, దాన్ని అచ్చు లోపం అని అమ్మేవాళ్లున్నారు. ఈ పగుళ్లకు నా లెక్కలో పెద్దగా విలువ లేదు, సరదాకి చూసుకోవాలంతే.

తూకం తప్పకుండా చూడండి. హాలీ రూపాయి, అంటే ఈ నిజాం రూపాయే, 11.18 గ్రాములకు దగ్గరగా ఉండాలి, వెండి 81.8 శాతం. బ్రిటిష్ వాళ్ల రూపాయి, మన పెద్దవాళ్లు కల్దార్ అనేది, 11.66 గ్రాములు, 91.7 శాతం. అందుకే అప్పట్లో వంద కల్దార్‌కు దాదాపు 116 హాలీ రూపాయలు ఇచ్చేవారు. అరుగుదల వల్ల కొంచెం తగ్గితే కంగారు పడకండి, అర గ్రాము పైన తేడా ఉంటే అనుమానించండి.

దయచేసి కడగొద్దు. మా నానమ్మ రూపాయల్ని నేను కాలేజీ రోజుల్లో చింతపండు పెట్టి తోమాను. తళతళా మెరిశాయి, మా అమ్మ మెచ్చుకుంది కూడా. పదేళ్ల తర్వాత నాణేలు సేకరించే ఒకాయన వాటిని వెలుగులో అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ నల్లటి పొర ఉండి ఉంటే ధర వేరేగా ఉండేది.

ధర విషయానికొస్తే, ఆన్‌లైన్‌లో అడిగే రేట్లు చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలే చూడండి. నగల దుకాణానికి మాత్రం తీసుకెళ్లొద్దు, అక్కడ తరుగు తీసి ముద్ద వెండి లెక్క కట్టేస్తారు. అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపుదామనుకుంటే ఆగండి. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, దేశం దాటించకూడదు.

ముందు ఆ రెండు నాణేలూ రెండు వైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుగు చాలు. గుమ్మంలోని అక్షరం, ఏలుబడి అంకె స్పష్టంగా పడితే, ఏ రకమో నేనే చెబుతాను.