సర్వేయర్ల సంఘానికి నాలుగేళ్ల ప్రణాళిక: అంతర్జాతీయ సమాఖ్య నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న: అనంతపురంలో మాది అరవై మంది లైసెన్స్‌డ్, ప్రైవేటు సర్వేయర్ల సంఘం. కొత్త కమిటీ వచ్చింది. అంతర్జాతీయ సర్వేయర్ల సమాఖ్య నాలుగేళ్ల ప్రణాళిక చూసి, మనమూ అలాంటిది రాద్దామని కొందరు పట్టుబడుతున్నారు. వాళ్లలాగే పది కమిషన్లు (ఒక్కో అంశానికి ఒక్కో బృందం) పెట్టుకోవాలా? వాళ్ల సభ్యత్వం మనకొస్తుందా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు సభ్యత్వం సంగతి తేల్చేద్దాం, చాలా సంఘాల్లో చర్చంతా అక్కడే ఆగిపోతుంది. ఆ సమాఖ్య 1878లో పారిస్‌లో పుట్టింది. పేరు ఫ్రెంచిలో పెట్టారు కాబట్టే పొట్టిపేరు ఎఫ్‌ఐజీ అయింది. కార్యాలయం డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో ఉంది, సభ్యులు 120కి పైగా దేశాల్లో ఉన్నారు. ఓటున్న సభ్యత్వం మాత్రం దేశస్థాయి సంఘాలకే. సర్వే శాఖలు, కంపెనీలు, విశ్వవిద్యాలయాలు చేరడానికి వేరే తరగతులున్నాయి. జిల్లా సంఘం తట్టాల్సిన తలుపు జాతీయ సంఘానిది. కాబట్టి ‘ఎఫ్‌ఐజీలో చేరడం’ అనే లక్ష్యాన్ని కాగితం మీద నుంచి కొట్టేయండి. వాళ్ల దగ్గర మీరు తెచ్చుకోవాల్సింది సభ్యత్వం కాదు, పని నడిపే పద్ధతి.

ఆ పద్ధతిలో అన్నిటికన్నా పనికొచ్చేది నాలుగేళ్ల గడియారం. అధ్యక్ష పదవీ నాలుగేళ్లే, కమిషన్ల పనిప్రణాళికా నాలుగేళ్లే, మహాసభా నాలుగేళ్లకొకటే. 2018లో ఇస్తాంబుల్, 2022లో వార్సా, 2026కు కేప్‌టౌన్. మధ్యలో ఏటా జనరల్ అసెంబ్లీ కూర్చుంటుంది. కమిషన్ అధ్యక్షుణ్ని పదవి మొదలయ్యే ముందే ఎన్నుకుంటారు. ఆ మధ్యకాలంలో అతను పాతాయన పక్కన ఉండి, తన నాలుగేళ్ల పని రాసుకుంటాడు. ఉపాధ్యక్షులు నలుగురినీ ఒకేసారి మార్చరు, రెండేళ్లకు ఇద్దరు చొప్పున మారుస్తారు. అందుకే కొత్త అధ్యక్షుడు వచ్చిన రోజు పాత పని గుర్తున్నవాళ్లు కనీసం ఇద్దరు ఆ బల్ల చుట్టూ ఉంటారు.

మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కమిటీ మొత్తం ఒకేరోజు దిగిపోతుంది. రబ్బరు స్టాంపు ఒకరింట్లో, రిజిస్ట్రేషన్ కాగితాలు మరొకరింట్లో, మెయిల్ పాస్‌వర్డ్ దిగిపోయిన కార్యదర్శి ఫోన్‌లో. కొత్తవాళ్లు మళ్లీ మొదటి పేజీ నుంచి రాస్తారు. అందుకే ప్రణాళికలో మొదటి పనిగా బైలా (సంఘం నియమావళి) చూసుకోండి. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటే కమిటీ పదవీకాలం బైలాలో రాసే ఉంటుంది. అది రెండేళ్లయితే, ప్రతిసారీ సగం మందే మారేలా సర్వసభ్య సమావేశంలో సవరణ పెట్టండి. ఇదొక్కటీ జరగకపోతే మిగతా ప్రణాళిక ఎంత బాగా రాసినా రెండేళ్లకే పాతబడుతుంది.

ఇక పది కమిషన్ల మాట. వద్దు. వాళ్లకు పది ఎందుకంటే ‘సర్వేయర్’ అన్న మాటకు అక్కడ అర్థం చాలా పెద్దది. మనకు సర్వేయరంటే పొలం కొలిచేవాడు. వాళ్ల లెక్కలో సముద్రగర్భం కొలిచేవాళ్లు నాలుగో కమిషన్, భూముల రికార్డులు, భూ నిర్వహణ ఏడోది, ఆస్తుల విలువ కట్టేవాళ్లు తొమ్మిదోది, కట్టడాల ఖర్చు లెక్కలు చూసేవాళ్లు పదోది. అనంతపురంలో జలసర్వే కమిషన్ పెట్టుకుని ఏం చేస్తారు? చిత్రావతిలో నీళ్లున్నప్పుడు చూద్దాం. అరవై మందికి రెండు బృందాలు చాలు: కొలతల ప్రమాణాలకొకటి, శిక్షణకొకటి. వాళ్ల దగ్గర తీసుకోదగ్గది టాస్క్‌ఫోర్స్ పద్ధతి. ఒకే పనికి, ఇంత గడువని చెప్పి వేస్తారు. పని అయితే బృందమూ పోతుంది. బైలా సవరణకు అలాంటిది ఆరు నెలలకు వేయండి.

ఇప్పుడు ఎవరూ చేయని లెక్క చేద్దాం. సంఘానికి ఉన్న అసలు పెట్టుబడి సభ్యుల గంటలే. ఎఫ్‌ఐజీలో కూడా ఆఫీసులో కొద్దిమంది జీతగాళ్లు తప్ప అధ్యక్షుడి నుంచి కమిషన్ అధ్యక్షుల దాకా అందరూ స్వచ్ఛందంగా చేసేవాళ్లే. 2019–22 కాలానికి పెట్టుకున్న నినాదంలోనే స్వచ్ఛంద సేవ అన్న మాటుంది. అరవై మందిలో పిలిస్తే వచ్చి పనిచేసేవాళ్లు పన్నెండు మంది అనుకోండి. నెలకు నాలుగు గంటలు. జనవరి నుంచి మే దాకా చేలు ఖాళీగా ఉంటాయి, కొలతల పని అప్పుడే, ఒక్కడూ దొరకడు. మిగిలింది ఏడు నెలలు. పన్నెండు ఇంటూ నాలుగు ఇంటూ ఏడు, ఏడాదికి 336 గంటలు. ఏడుగురి కమిటీ నెలనెలా రెండు గంటలు కూర్చుంటే ఏడాదికి 168 గంటలు అక్కడికే సరి. అంటే ఉన్న గంటల్లో సగం టీలు, మినిట్స్ కింద పోతాయి. మిగిలిన 168లో ఒకరోజు శిక్షణకు ఏర్పాట్లతో కలిపి 40 గంటలు వేసుకుంటే రెండు శిక్షణలు, ఒక పత్రం రాయడానికి 80 గంటలు. ఏడాది అయిపోయింది. మీ చిత్తులో ఏడాదికి పద్నాలుగు కార్యక్రమాలుంటే, అందులో పదకొండు జరగవని ఇప్పుడే తెలిసిపోయినట్టే. కమిటీ సమావేశాలను రెండు నెలలకొకటి చేయండి, 84 గంటలు చేతికొస్తాయి. అది రెండో పత్రం.

డబ్బు కూడా ఇలాగే. రావలసిన చందా కాదు, కిందటేడు నిజంగా వసూలైన చందా రాసుకోండి. తలకు వెయ్యి చొప్పున అరవై వేలు రావాలి, నలభై ఐదు మందే కట్టారనుకుంటే బడ్జెట్ నలభై ఐదు వేలు. ఒకే పెద్ద సభ మిగులు మీద ఏడాదంతా ఆధారపడొద్దు. 2020లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరగాల్సిన ఎఫ్‌ఐజీ వార్షిక సమావేశం కోవిడ్‌తో రద్దయింది, 2021లో ఆన్‌లైన్‌లో జరుపుకున్నారు. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

లక్ష్యాలు మూడు దాటనివ్వకండి. చిత్తులో ‘ప్రోత్సహించడం’, ‘బలోపేతం చేయడం’, ‘అవగాహన కల్పించడం’ అనే మాటలు కనిపిస్తే ఎర్ర సిరాతో గీత పెట్టండి. అవి ఎప్పుడు పూర్తయ్యాయో ఎవరూ చెప్పలేరు. ప్రతి పని చివర చేతికి వచ్చే వస్తువు ఉండాలి. ఎఫ్‌ఐజీ ఈ విషయంలో మంచి నమూనా. 2014లో ప్రపంచ బ్యాంకుతో కలిసి, అవసరానికి తగినంత కచ్చితత్వంతో భూమి రికార్డులు తయారు చేసే పద్ధతి మీద 60వ ప్రచురణ తెచ్చారు. దాన్ని ఎవరైనా తీసి వాడుకోవచ్చు, నచ్చకపోతే తిట్టొచ్చు. నినాదాన్ని రెండూ చేయలేం.

మీ ప్రాంతానికి అలాంటి పనొకటి చెప్తాను, ఎందుకంటే రీసర్వే తర్వాత మీ సభ్యుల దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, కార్స్ స్టేషన్లు (ఉపగ్రహ సంకేతాలు ఆగకుండా అందుకునే స్థిర కేంద్రాలు), రోవర్లు (పొలంలో తిప్పుతూ కొలిచే ఉపగ్రహ పరికరాలు) వచ్చాయి. రైతు ఒక చేతిలో పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు, ఇంకో చేతిలో కొత్త ఎల్‌పీఎం (రీసర్వేలో వచ్చిన కమతం పటం) పట్టుకొస్తాడు. ఇద్దరు సర్వేయర్లు కొలిస్తే రెండు విస్తీర్ణాలు వస్తాయి. ఎవరి కొలతా తప్పు కాకపోవచ్చు, లెక్క కట్టిన తీరు వేరు.

మొదటిది లింకు, పాత చైను కొలతల ప్రమాణం. గుంటర్ చైను 66 అడుగులు, అందులో నూరు లింకులు, కాబట్టి లింకు 20.1168 సెంటీమీటర్లు. దాన్ని తేలికగా 20 అని వేసుకుంటే పొడవులో తేడా అరశాతం పైచిలుకు, విస్తీర్ణంలో 1.16 శాతం. పదెకరాల మీద పదకొండున్నర సెంట్లు ఎగిరిపోతాయి. గట్టు తగాదాకు ఇంకేం కావాలి?

రెండోది జోన్. భూగోళాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి చదును పటం మీద పెట్టే పద్ధతి యూటీఎం, ఒక్కో పట్టీ ఒక జోన్. అందులో 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది సరిగ్గా మన సీమ మధ్యనుంచి పోతుంది. అనంతపురం, ధర్మవరం, గుత్తి, ఆదోని 43లో ఉంటాయి. కదిరి, కడప 44లో. కర్నూలు నగరం గీత దాటి కొంచెం తూర్పున, అదీ 44లోనే. అనంతపురం పొలాన్ని 44లో పెట్టి, గ్రిడ్ (ఆ చదును పటం) మీదే విస్తీర్ణం తీస్తే నేల మీదకన్నా దాదాపు పావు శాతం ఎక్కువ చూపిస్తుంది, పదెకరాలకు రెండున్నర సెంట్లు. అదే 43లో తీస్తే సుమారు ఒక సెంటు. ఏ జోన్‌లో తీశారో, గ్రిడ్ విస్తీర్ణమో నేల విస్తీర్ణమో నివేదికలో రాయకపోతే రెండో సర్వేయర్ వచ్చి ‘మొదటాయన తప్పు కొలిచాడు’ అంటాడు. రైతు అదే నమ్ముతాడు.

కాబట్టి ప్రణాళికలో రాయాల్సింది ‘వృత్తి ప్రమాణాలు పెంచడం’ కాదు. ఇలా రాయండి: ‘ప్రమాణాల బృందం అక్టోబరు ఆఖరుకల్లా ఒక పేజీ కొలతల నివేదిక నమూనా తయారు చేస్తుంది, అందులో జోన్, విస్తీర్ణం ఏ పద్ధతిలో తీశారు, లింకు మార్పు విలువ, ఆధారంగా తీసుకున్న రాళ్లు, రోవర్ ఫిక్స్ స్థితి (ఉపగ్రహ కొలత కచ్చితంగా కుదిరిందో లేదో), కొలిచిన తేదీ, హాజరైన పక్క రైతుల సంతకాలు ఉంటాయి, 80 గంటలు, ముద్రణకు ఇంత, మార్చి ఆఖరుకు ఇరవై మంది సభ్యులు వాడి ఉండాలి.’ బాధ్యత ఒక్కరి పేరు మీద ఉండాలి, ‘కమిటీ’ అని రాస్తే ఎవరూ చేయరు. పనిచేసేవాడు వేరు, అయిందా లేదా చూసేవాడు వేరు. ఇద్దరూ ఒకరే అయితే ప్రతి పనీ ‘జరుగుతోంది’ అనే ఉంటుంది.

సభ్యుల్ని అడగడం దగ్గర జరిగే పొరపాటు ఇంకోటి. వాట్సాప్ గ్రూపులో చిత్తు పెట్టి, వచ్చిన బొటనవేళ్లు లెక్కపెట్టి ఆమోదం అనుకుంటారు. బొటనవేలు అంటే చదివారని కూడా కాదు. పదిహేను మందికి ఫోన్ చేయండి: అయిదుగురు కొత్తవాళ్లు, అయిదుగురు చందా మానేసినవాళ్లు, మిగతా అయిదుగురు దూరపు మండలాల వాళ్లు. ‘సంఘం ఏం చేయాలి’ అని అడిగితే సన్మానాలు, గుర్తింపు కార్డులు అంటారు. ‘కిందటేడు ఏ పనిలో డబ్బు రాలేదు, ఏ కాగితం దొరక్క ఆగారు, ఎవరితో మాట పడ్డారు’ అని అడగండి. చందా మానేసినవాళ్ల జవాబులే పనికొస్తాయి. పదేళ్లలోపు అనుభవమున్న కుర్రవాళ్లను విడిగా అడగండి, పెద్దల ముందు నోరు విప్పరు. ఎఫ్‌ఐజీ యువ సర్వేయర్లకు వేరే నెట్‌వర్క్ నడుపుతోంది.

మానేయాల్సిన పనుల జాబితా కూడా ప్రణాళికలో భాగమే, దాదాపు ఎవరూ రాయరు. డైరీ ముద్రణ, ఎవరూ చదవని త్రైమాసిక పత్రిక, ఇద్దరు వచ్చే వారపు సమావేశం లాంటివి. ఒక్కోదాని పక్కన అది తినే గంటలు వేస్తే వాదన దానంతటదే ముగుస్తుంది.

సర్వే శాఖను అడగాల్సినవి ఉంటే కోరిక ఒక్కటే పెట్టండి, కాగితం పేరుతో సహా. ‘సహకారం కావాలి’ అంటే ‘తప్పకుండా’ అంటారు, అక్కడితో సరి. ‘ఫలానా నకలు ఫలానా రూపంలో, ఇన్ని రోజుల్లో’ అని రాస్తే అవునో కాదో తేలుతుంది.

కాలం ఇలా పెట్టుకోండి. చేలల్లో పంట ఉన్న ఆగస్టులో ఫోన్లు, గంటల లెక్క. సెప్టెంబరు మొదటి పక్షంలో నాలుగు పేజీల చిత్తు, అంతకు మించితే చదవరు. సమావేశానికి ముప్పై రోజుల ముందు చిత్తు అందరికీ చేరాలి, సవరణలు రాతపూర్వకంగా పది రోజుల ముందుదాకా తీసుకోండి. అక్టోబరులో సర్వసభ్య సమావేశం. ప్రణాళిక మొత్తానికి ఒక్క ఓటు కాకుండా ఒక్కో లక్ష్యానికి ఓటు పెట్టండి, ఏది బలవంతాన ఒప్పుకున్నారో అప్పుడే బయటపడుతుంది. ఏటా అదే నెలలో ఒక పేజీ లెక్క చెప్పండి: అయినవి, కానివి, మానేసినవి. ఇరవై నాలుగో నెల వచ్చేసరికి మొదలే కాని పనిని పొడిగించొద్దు, తీసేయండి. ఆ గంటలు ఏ పనికి వెళ్తాయో అదే సమావేశంలో రాసుకోండి, లేకపోతే మళ్లీ మినిట్స్‌లోకే పోతాయి.