సైనికుల సందేహాలు: నాన్నగారి వాయుసేనా పతకం

(జవాబులు: వాయుసేనలో ఇంజిన్ ఫిట్టర్‌గా చేరి, వారంట్ ఆఫీసర్‌గా పదవీ విరమణ చేసిన కావలి వాసి)

ప్రశ్న: మా నాన్నగారు వాయుసేనలో ఫిట్టర్‌గా పనిచేశారు. 1976లో ఆయనకు ఒక పతకం వచ్చింది. వెండి రంగులో నాలుగు కొనల నక్షత్రం, ముందు మూడు సింహాల ముద్ర, వెనక గద్ద బొమ్మ, హిందీ అక్షరాలు ఉన్నాయి. రిబ్బను మీద బూడిద రంగు, కాషాయం ఏటవాలు చారలు. నాన్నగారు పోయి చాలా కాలమైంది. ఆగస్టు 15న మా ఊరి బడిలో అమ్మకు సన్మానం చేస్తామన్నారు. ఈలోగా బంధువొకరు, "అది చాలా ఏళ్లు పనిచేసిన వాళ్లందరికీ ఇచ్చేదే, యుద్ధం చేసినందుకు కాదు" అన్నారు. అమ్మ మనసు నొచ్చుకుంది. ఇది ఏ పతకం? అమ్మ దాన్ని పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అమ్మా, మీ బంధువు చెప్పింది తప్పు. ఆ మాట మీ అమ్మగారికి ఈ రోజే చెప్పండి.

మీరు వర్ణించింది వాయుసేనా పతకం. రాష్ట్రపతి పేరిట 1960 జూన్ 17న నెలకొల్పారు. అసాధారణమైన కర్తవ్య నిష్ఠ గానీ, ధైర్యం గానీ చూపి, అది వాయుసేనకు ప్రత్యేకంగా ఉపయోగపడినప్పుడు ఆ ఒక్క వ్యక్తిని ఎంచి ఇస్తారు. చాలా ఏళ్లు పనిచేసినందుకు వచ్చేవి వేరే ఉన్నాయి. తొమ్మిదేళ్లకొకటి, ఇరవై ఏళ్లకొకటి, ముప్పై ఏళ్లకొకటి. మచ్చలేని సర్వీసు ఉంటే అవి వరుసగా వస్తాయి. నా దగ్గరా ఉన్నాయి, వాటిమీద నాకు గౌరవమే. కానీ మీ నాన్నగారిది నాకు రానిది. మాలో ఎక్కువమందికి రానిది.

ఇప్పుడు ఈ పతకాన్ని శౌర్యానికి, కర్తవ్య నిష్ఠకు అని రెండు విధాలుగా ప్రకటిస్తున్నారు. మీ నాన్నగారి కాలంలో పతకం పేరు వెంట ఆ మాట ఉండేది కాదు. అందుకే పతకాన్ని చూసి ఎందుకిచ్చారో చెప్పలేం. దానికి దారి ఉంది. రాష్ట్రపతి సచివాలయం ఇచ్చే పురస్కారాల ప్రకటనలు భారత ప్రభుత్వ గెజిట్‌లో మొదటి భాగం, మొదటి సెక్షన్‌లో అచ్చవుతాయి. నాన్నగారి డిశ్చార్జి పుస్తకంలో సర్వీసు నంబరు ఉంటుంది. ఆ నంబరు, పేరు, సంవత్సరం రాసి ఢిల్లీలోని వాయుసేన రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, వాళ్ల పనే అది.

గెజిట్ దొరికేలోగా ఒక మాట. ఫిట్టర్‌కు పతకం ఏమిటి అని అడిగేవారికి ఫిట్టర్ పనేమిటో తెలియదు. జెట్ విమానం ముందు భాగంలో గాలి లోపలికి పోయే గొట్టం ఉంటుంది. జేబులు ఖాళీ చేసుకుని, టార్చి పట్టుకుని, అందులోకి పాకుతూ వెళ్లి ఇంజిన్ రెక్కల అంచుల మీద వేలు ఆనించి చూస్తాం. ఎక్కడైనా గీత పడిందా, చిన్న రాయి తగిలి నొక్కు పడిందా అని. మే నెల ఎండకు ఆ లోహం ఎంత కాలుతుందో చెప్పనక్కర్లేదు. బయటికి వచ్చాక పనిముట్ల బోర్డు చూస్తాం. ప్రతి స్పానర్‌కు బోర్డు మీద దాని ఆకారమే గీసి ఉంటుంది. ఒక్క ఆకారం ఖాళీగా కనబడినా ఆ స్పానర్ దొరికేదాకా విమానం కదలదు. ఆ తర్వాతే ఫామ్ 700 మీద, అంటే విమానం ఎగరడానికి సిద్ధమని రాసే పత్రం మీద సంతకం. ఆ సంతకాన్ని నమ్మి పైలట్ విమానం ఎక్కుతాడు. రాత్రి పనిలో, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, "ఇది రేపు చూద్దాం" అనకుండా ఉండటానికి ధైర్యం కావాలమ్మా. పై అధికారి తొందరపెడుతున్నా "ఈ విమానం పోదు సార్" అనడానికి ఇంకా ఎక్కువ కావాలి.

వాయుసేనకు దక్కిన ఏకైక పరమవీర చక్ర ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్‌ది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద బాంబులు పడుతుండగానే ఆయన నాట్ అనే చిన్న యుద్ధ విమానంలో పైకి లేచారు. ఆయన సాహసానికి సాటి లేదు. ఆ పూట ఆ విమానం ఎగరడానికి సిద్ధంగా ఉంది కూడా. సిద్ధం చేసిన చేతుల పేర్లు మనకెవరికీ తెలియవు. మన వైపు కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022లోనూ, 2024లోనూ వాయుసేన విమానాలతో పరీక్షలు జరిపినప్పుడు జనమంతా ఆకాశం వైపే చూశారు. నేనైతే నేల మీద ఉన్నవాళ్ల కోసం వెతుకుతాను.

ఇక ధరించడం గురించి. ఎడమ రొమ్ము మీద పతకం పెట్టుకునే హక్కు దాన్ని పొందినవారిదే. అమరులైన సైనికుల పతకాలను, యుద్ధ స్మారకాల దగ్గర నివాళి అర్పించేటప్పుడు, దగ్గరి బంధువులు కుడి వైపు పెట్టుకోవడానికి సైన్యం అనుమతించింది. బడిలో జరిగేది అలాంటి సభ కాదు కాబట్టి, నాన్నగారి ఫొటో ముందు తెల్లగుడ్డ పరిచి పతకాన్ని ఉంచండి. పరిచయం చేసేవారు ఆయన పేరు, హోదా, "వాయుసేనా పతక గ్రహీత" అన్న మాట స్పష్టంగా చదవాలి. చింతపండుతో, విబూదితో తోమకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న: విశిష్ట సేవా పతకాల్లో ఏది పెద్దది? రిబ్బను చూసి చెప్పవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: చెప్పవచ్చు బాబూ. మూడూ పసుపు రిబ్బన్లే, మీద ముదురు నీలం గీతలు. ఒక గీత ఉంటే పరమ విశిష్ట సేవా పతకం, రెండుంటే అతి విశిష్ట, మూడుంటే విశిష్ట. గీతలు తక్కువైనకొద్దీ స్థాయి పెద్దది. 1960లో వీటిని మొదటి, రెండవ, మూడవ తరగతులుగా పెట్టి, 1967లో ఈ పేర్లు ఇచ్చారు. మధ్యదైన అతి విశిష్టను ఎక్కువగా పెద్ద హోదాల్లోని అధికారులకు ఇస్తారు. ధరించే వరుసలో అది వీర చక్ర కంటే ముందు వస్తుంది. అంతమాత్రాన వీర చక్ర చిన్నదనుకోకు, అది శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి ఇచ్చేది. యుద్ధకాలంలో చేసిన విశిష్ట సేవకు 1980 నుంచి యుద్ధ సేవా పతకాలు విడిగా ఉన్నాయి.